మా నల్లా, వాళ్ళ బోరింగు

నీళ్ళు ముందటికి వస్తే నేను మొదలు వాసన చూస్త, తర్వాతనే తాగుత. ఇది ఫౌజు నేర్పింది కాదు. జిన్నారం దిక్కు, మందుల కంపెనీల నడుమ పుట్టినోళ్ళకు చిన్నప్పటి నుంచి ఉండేదే. వాన వెలిసినంక మా ఊరి బాయి మీదికి వంగితే మందుల దుకాణం తలుపు తీసినట్టు వాసన కొట్టేది. నాకు తెలివి వచ్చేసరికే మా ఊర్లో భూమిలోంచి వచ్చిన నీళ్ళు ఎవరూ నోట్లో పోసుకుంటలేరు. ట్యాంకరు వచ్చేది, బిందెలు వరుస కట్టేవి. మా ఇంటి ముందటి బోరింగుకు అమ్మ మేకను కట్టేసేది. బోరింగు కొడితే నీళ్ళు వస్తయని నాకు తెలుసు గాని, ఆ నీళ్ళు మనుషులు తాగుతరని తెలియదు.

డిప్లొమా అయినంక కొన్నాళ్ళు ఇస్నాపూర్‌లో రూం కిరాయికి తీసుకొని, ఒక కంపెనీలో నీళ్ళ ప్లాంటు నడిపిన. రూంలో ఇద్దరు ఒడిశా వాళ్ళు, ఒక బిహారీ, నేను. నా హిందీ అక్కడిదే. తర్వాత ఫౌజులో చేరిన. చేరిన కొన్నేండ్లకు మా బెటాలియను శాంతి సేనలో ఆఫ్రికా పోయింది, దానితోపాటు నేనూ పోయిన. ఊర్లో అందరూ నేను తుపాకి పట్టుకొని సముద్రం దాటిన అనుకుంటరు. తుపాకి ఉండె, నిజమే. అయితే నా చేతిలో ఎక్కువ సేపు ఉన్నది పైపు పానా.

మేమున్నది ఒక ఊరి పక్కన చిన్న క్యాంపు. చుట్టూ ముండ్ల తీగ, మట్టి నింపిన గోడలు, లోపల ఎండకు సలసల కాగే తెల్ల కంటైనర్లు. ఆ దేశంలో లోపలి కొట్లాటలు ఆగీ ఆగనట్టు ఉండె. ఊరి నుంచి నది చాలా దూరం. ఆ బాట మీద తుపాకులు పట్టుకున్నోళ్ళు తిరిగేవాళ్ళు, కొందరు పసులను తోలుకపోవటానికి, కొందరు పాత పగలు తీర్చుకోవటానికి. నీళ్ళకు, కట్టెలకు ఆ బాటన పోయిన ఆడవాళ్ళు అందరూ తిరిగొస్తరని చెప్పలేకుండె. మా వాళ్ళు నీలి టోపీలు పెట్టుకొని బండ్లలో తిరిగి కాపాడేది ఆ బాటనే.

నేను క్యాంపు దాటేది తక్కువ. పొద్దున హాజరుకు వరుస కట్టే ఫాలిన్, ఛాయ్, తర్వాత ప్లాంటు. క్యాంపు బోరులోంచి నీళ్ళు పైకి తెచ్చి, ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, ఆర్ఓ దాటించి, క్లోరిన్ కలిపి ట్యాంకులకు ఎక్కించాలె. క్లోరిన్ సరిపోయిందా లేదా అని గోలీ వేసి రంగు చూడాలె. గులాబి రంగు వచ్చినంకనే వంటకు, తాగటానికి వదలాలె. మధ్యాహ్నం పప్పు, రొట్టె, మళ్ళ పప్పు. సాయంత్రం నెట్ దొరికే షెడ్డు కింద ఫోన్ల కోసం వరుస. నాకు ఆ బతుకు నచ్చింది. ఏ వాల్వు తిప్పితే ఏమైతదో తెలిసిన చోట నాకు మనసు కుదురుగ ఉంటది.

ప్లాంటులో రోజూ కొన్ని నీళ్ళు మిగులుతుండె. వెనక మోరీలోకి వదిలేవాళ్ళం. తీగ అవతల ఆడవాళ్ళు పసుపు డబ్బాలు మోసుకుంటూ ఆ మోరీని చూసుకుంటూ పోయేవాళ్ళు. నాకు ఆ చూపు సహించలేదు. తీగ బయటికి పైపు వేసి ఒక నల్లా పెడ్తనని ఉస్తాద్‌ను అడిగిన. ఉస్తాద్ అంటే మా హవల్దార్, హర్యానా మనిషి. ఆయన ముఖంలో మీసం తప్ప ఏదీ కదలదు.

“అరే హైదరాబాదీ, ఊరికి నీళ్ళు పోసుడు నీ డ్యూటీనా?” అన్నడు హిందీలో. తెలంగాణ నుంచి ఎవరొచ్చినా ఆయనకు హైదరాబాదీనే.

“మిగిలినవే ఉస్తాద్. మోరీకే పోతున్నయి.”

“ఇయ్యాల మిగిలినయి. రేపు మిగలకుంటే?”

“మిగులుతయి. లెక్క కట్టిన.”

“లెక్క కట్టినవా? అయితే ఏదో గడబడ ఖాయం.”

అంటనే ఉన్నడు గాని, ఆ ముచ్చట మా ఆఫీసరు సాబ్ దాకా తీసుకపోయింది ఆయననే. పర్మిషన్ వచ్చింది. నల్లాకు ఎర్ర రిబ్బన్ కట్టినం, ఫోటోలు దిగినం. నేను నల్లా మీద చెయ్యి పెట్టి నవ్వుతున్న ఫోటో ఇంటికి పంపిన.

ఊరికి బోరింగు లేక కాదు ఇదంతా. ఊరి నడుమ ఒకటి ఉండె, అది చాలనోళ్ళే నదికి పోయేది. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. మా ఇంటి ముందటిదే అది. మన దేశపు రకమే, అవే మూడు కాళ్ళు, అదే పొడుగాటి పిడి. మేక ఒక్కటే తక్కువ. దాని పక్కన విరిగిన ప్లాస్టిక్ కుర్సీలో ఒక ముసలామె కూర్చునేది. బోరింగు ఆమె కాపలాలో ఉండె. పొద్దున తాళం తీసేది, గొలుసుకు గ్రీజు పెట్టేది, వరుస తప్పినోళ్ళను తిట్టేది. ఎండ ఎక్కంగనే లోపల నీళ్ళు ఊరాలని పిడిని కట్టేసి మళ్ళ తాళం వేసేది. నేను ఆమెను అవ్వా అని పిలిచిన. అరబ్బీ కలిసిన వాళ్ళ మాటలో కుర్సీని కుర్సీ అనే అంటరు, సబ్బును సాబూన్ అంటరు, అయిపోతే ఖలాస్ అంటరు. సంగారెడ్డి బస్టాండ్‌లో విన్నట్టే ఉండేది. మిగిలిన మాటలకు మాకు ఒక దుబాసీ ఉండె. ఆయన ఆ ఊరి బడి పంతులు. కొట్లాటల్లో బడి మూతపడితే మా దగ్గర పనికి కుదిరిండు. నేను సారు అనేవాణ్ణి.

నల్లా పెట్టినంక ఒకరోజు అవ్వ నన్ను ఆపి ఏదో అడిగింది. నా నీళ్ళకు, మీ నీళ్ళకు తేడా ఏంది అంటున్నదని సారు చెప్పిండు. నా జేబులో నీళ్ళు పరీక్షించే మీటరు ఉండె. రెండు గ్లాసులు తెప్పించి ఒకదాంట్లో మా నల్లా నీళ్ళు, ఒకదాంట్లో బోరింగు నీళ్ళు పోయించి మీటరు ముంచిన. మావాటికి చిన్న అంకె వచ్చింది, వాళ్ళవాటికి పెద్దది. చుట్టూ మూగిన ఆడవాళ్ళందరికీ తిప్పి చూపించిన.

ఆ అంకె నీళ్ళల్లో కరిగిన ఉప్పుల సంగతే చెప్తది. ఆర్ఓ ఉప్పును తీసేస్తది గనక మా అంకె చిన్నగ ఉంటది. అంతే. బోరింగు నీళ్ళు తాగొద్దని మీటరు చెప్పలేదు. నేను ఆ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకున్న. కొంచెం ఇనుప వాసన వచ్చింది. ఇనుము వాసనే, ఇంకేం లేదు. అయినా నాకు మా ఊరి బాయి యాదికొచ్చింది.

“ఇవి మంచివి కావు అవ్వా. మావి తాగుండ్రి.”

సారు ఆ మాట వాళ్ళ భాషలో చెప్పిండు. అవ్వ మీటరు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

“నేను ముసలిదాన్ని అయ్యేదాకా తాగిన గద” అన్నది.

వెనక నుంచి ఎవరో ఏదో అంటే అందరూ పక్కున నవ్విండ్రు. ఏమన్నరని సారును అడిగిన.

“అందుకే నీ పండ్లన్నీ రాలినయి అంటున్నరు” అన్నడు.

నేను కూడా నవ్విన.

తర్వాత జరిగింది మెల్లగ జరిగింది, నాకు సంతోషంగనే కనబడ్డది. నల్లా కాడ వరుస పెరిగింది. బోరింగు కాడ తగ్గి తగ్గి ఆగింది. ఎవరో పిడి ఊడదీసి పసుల దొడ్డికి అడ్డకర్ర చేసుకున్నరు. ఇంకెవరో నట్లు ఇప్పుకపోయిండ్రు. అవ్వ తన కుర్సీని నల్లా కాడికి తెచ్చుకున్నది. అయితే నల్లాకు కాపలా ఎందుకు? తాళం లేదు, గ్రీజు లేదు, నీళ్ళు ఊరేదాకా ఆగే పని లేదు. తిప్పితే వస్తయి. ఆమె వరుసలో రాండ్రని అరిచేది, పోరీలు ఆమె ముందలి నుంచే డబ్బాలు నింపుకొని పోయేవాళ్ళు. నేను తీగ లోపలి నుంచి చెయ్యి ఊపితే, చూసీ చూడనట్టు ముఖం తిప్పుకునేది.

ఒక పొద్దు ఫాలిన్‌లో ఆర్డరు చదివిండ్రు. ఈ క్యాంపు ఎత్తేస్తున్నరు. బలగాన్ని వేరే జిల్లాకు మారుస్తరు, ప్లాంటు మాతోనే వస్తది, నెలలోపల ఖాళీ చెయ్యాలె. నా చుట్టూ ఉన్నోళ్ళు పెట్టెలు కట్టే ముచ్చట్లల్లో పడ్డరు. నాకు నల్లా కాడి వరుస కండ్లల్ల పడ్డది. మేము పోతే ఆ బాట మీద బండ్లు తిరగవు. నల్లా ఉండదు, బోరింగుకు పిడి లేదు. డబ్బాలు పట్టుకొని వాళ్ళు పోయేది నదికే.

ఆ సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేసిన. వదిన ఎత్తింది. మా అన్న జిన్నారం దగ్గర కంపెనీలో షిఫ్టుకు పోయిండు.

“ఏందయ్యా మరిదీ, మొఖం గట్ల మాడ్చుకున్నవ్? రొట్టె మాడిందా, నువ్వు మాడినవా?”

“ఏం లేదు వదినా. క్యాంపు ఎత్తేస్తున్నరు.”

“మంచిగనే ఉన్నది గద. ఇగ జల్దీ ఇంటికొస్తవ్. ఒక్క ఫోటో సూసి పిల్లనిస్తమని నలుగురు అడుగుతున్నరు, నల్లా పక్కకున్న పిలగాడు మీ మరిదేనా అని.”

“ఆ నల్లా గూడ తీసేస్తరు.”

“అయ్యో. మరి ఆ ఆడోళ్ళు?”

“నదికి పోవాలె.”

“ఊర్ల బోరింగు లేదా?”

“ఉన్నది. నీళ్ళు మంచిగ లెవ్వు.”

“గాడ గూడ కంపెనీలున్నయా?”

“లెవ్వు. ఒక్కటి గూడ లేదు.”

“మరెట్ల ఖరాబైనయి?”

వదిన ఎత్తిపొడవలేదు. నిజంగనే తెలవక అడిగింది. వెనక ఫిల్టరు నీళ్ళ క్యాను కనబడుతున్నది, దాని మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉన్నది. మా దగ్గర భూమిలో నీళ్ళు ఖరాబు కావాలంటే పక్కన కంపెనీ ఉండాలె. ఆమె లెక్క అది. నా లెక్క కూడా అదే కావాల్సి ఉండె. నేను ఆ లెక్క కూడా కట్టలేదు. భూమిలోవి అయితే చాలు, తాగొద్దని చెప్పిన. నెట్ ఆగినట్టు ముఖం కదలకుండ పెట్టి, ఫోన్ కట్ చేసిన.

మరునాడు ప్లాంటులోకి పోకముందు నీళ్ళు ఎట్ల ఉంటయో అట్లనే, మా బోరు పైపు మూతి దగ్గర పట్టి పరీక్షలన్నీ చేసిన. మా బోరుది, వాళ్ళ బోరింగుది ఒకటే భూమి. కొంచెం ఉప్పు, కొంచెం ఇనుము. రోగం తెచ్చేది ఏదీ దొరకలేదు. బోరింగు నీళ్ళకు కూడా ఇదే చేసి ఉండొచ్చు, సామానంతా నా షెడ్డులోనే ఉండె. చెయ్యకుండనే మాట చెప్పిన. ఆ మాట నమ్మి ఒక ఊరు తన నీళ్ళను వదులుకున్నది.

ఉస్తాద్‌కు అంతా చెప్పిన. ఆయన బూటు పాలిష్ చేసుకుంట విన్నడు.

“లెక్క కట్టినోడివి గద” అన్నడు.

“కట్టిన ఉస్తాద్.”

“ఎన్ని నీళ్ళు మిగులుతయో కట్టినవ్. మనం ఎన్నాళ్ళుంటమో కట్టినవా?”

ఆయన బ్రష్ పక్కకు పెట్టి, “పిడి ఎవని దొడ్ల ఉందో ఎతుకు. బండి ఇప్పిస్త” అన్నడు.

సామాన్లు కట్టే పనుల నడుమ ఆ బండి దొరికేసరికి చివరి వారం వచ్చింది. పిడి దొరికింది. దొడ్డి ఆసామి తన అడ్డకర్ర పోతున్నదని లొల్లి పెట్టిండు. బదులుగా టెంటు గుంజ ఒకటి ఇస్తే ఒప్పుకున్నడు. గొలుసు తుప్పు పట్టి కర్రలెక్క అయింది. దాన్ని డీజిల్‌లో నానబెట్టి సాపు చేసిన. మూడు కాళ్ళ స్టాండు వేసి, నలుగురం కలిసి పైపులు ఒక్కొక్కటి పైకి గుంజినం. లోపలి తోలు వాషర్లు అరిగిపోయినయి. కొత్తవి దొరికే ఊరు దగ్గర లేదు. మా దిక్కు బోరింగు మెకానిక్‌లు చేసేటట్టు, పాత బూటు తోలు నానబెట్టి, పైపు ముక్కలో నొక్కి, గిన్నె లెక్క ఆరబెట్టి నూనె పట్టించి వేసిన. ఉస్తాద్ తన పాత బూటే ఇచ్చిండు. అవ్వ కుర్సీ తెచ్చుకొని పక్కన కూర్చున్నది. నేను చేసే ప్రతి పనికీ తల అడ్డంగ ఊపుతనే ఉన్నది.

అంతా బిగించేసరికి ఊరు ఊరంతా వచ్చింది. పసుపు డబ్బాలన్నీ వరుసలో ఉన్నయి. వాళ్ళందరి ముందల ఒక గ్లాసు తాగి, అప్పుడు నేను తప్పు చెప్పిన, ఇవి మంచి నీళ్ళే అని సారుతోని చెప్పిద్దామనుకున్న. గ్లాసు జేబులోనే ఉండె.

పిడి కొట్టిన. మొదలు గాలి వచ్చింది. తర్వాత నీళ్ళు వచ్చినయి, ఎర్రగ, చిక్కగ, తుప్పు వాసనతోని. నెలల తరబడి పైపులో నిలిచిన నీళ్ళు ఎర్రగనే వస్తయి. అవి పోయేదాకా కొడుతనే ఉండాలె. ఈ సంగతి నాకు తెలుసు, వాళ్ళకు ముందుగ చెప్పాలన్నది మాత్రం తట్టలేదు. ముందటి పిల్ల ఆ నీళ్ళను చూసి డబ్బా వెనుకకు గుంజుకున్నది. ఒకామె ఏదో అన్నది.

“నువ్వు చెప్పింది నిజమే అంటున్నది” అన్నడు సారు. “చూడుండ్రి, ఖరాబు నీళ్ళని ఆయన ఎప్పుడో చెప్పిండు గద అంటున్నది.”

“కాదు, కాదు. జెర ఆగుమను. కొద్దిసేపట్ల తెల్లగైతయి.”

సారు చెప్పిండు. కొందరు ఆగిండ్రు. నేను కొడుతనే ఉన్న. చేతులు గుంజుతున్నయి, ఎరుపు తగ్గుతలేదు. క్యాంపు నల్లా ఇంకా నడుస్తున్నది, పొద్దెక్కుతున్నది. ఒక్కొక్కరే డబ్బాలు తీసుకొని మా నల్లా దిక్కు పోయిండ్రు. మావోళ్ళు సామాను బండిలో ఎక్కించుకున్నరు. సారు నీడ వెతుక్కుంటూ పోయిండు. చివరికి మిగిలింది నేను, అవ్వ. ఆమె లేచి వచ్చి, నన్ను మోచేతితో పక్కకు జరిపి, పిడి పట్టుకున్నది. మెల్లగ, నిండుగ కొట్టింది. నేను అదరబాదర కొట్టినట్టు కాదు. ఎరుపు పసుపైంది, పసుపు పల్చబడ్డది, చివరికి తేటగ వచ్చినయి.

నేను గ్లాసు పట్టిన. ముక్కు దగ్గరికి పోకుండ చెయ్యి ఆపుకునుడు కష్టమైంది. భూమిలోంచి వచ్చిన నీళ్ళు, ఏ ఫిల్టరూ దాటనివి, నా బతుకులో మొదటిసారి తాగిన. ఇనుము రుచి, చల్లదనం. గొంతు దిగటానికి కొంచెం సేపు పట్టింది. అవ్వ నా గొంతునే చూస్తున్నది. గ్లాసు ఖాళీ అయినంక నవ్వింది. పండ్లు లేవు. తర్వాత ఊరి దిక్కు చెయ్యి చూపి, రెండు చేతులూ ఖాళీగ తిప్పింది. చూసినోళ్ళు ఎవ్వరూ లేరు అని.

నీళ్ళు ఒక సీసాలో పట్టుకపోయి, ఆ సాయంత్రం షెడ్డులో పరీక్షలు చేసిన. మంచిగనే ఉన్నయి. ఊరోళ్ళ ముందల తాగటానికి మళ్ళ ఒకసారి పోవాలని ఉస్తాద్‌ను అడిగిన. పొద్దున చూద్దమన్నడు. పొద్దున బాట మీద కాల్పులయినయని గేటు మూసిండ్రు. తర్వాత ప్లాంటు ఊడదీసే పని పడ్డది. నల్లా పైపును నా చేతులతోనే కోసిన. తీగ అవతల డబ్బాలతోని నిలబడ్డోళ్ళు చూస్తున్నరు. సారు లోపల లేడు, నాకు వాళ్ళ భాష రాదు. “ఖలాస్” అని ఒక్క మాట అన్న. బోరింగు దిక్కు వేలు చూపించి, నీళ్ళు తాగినట్టు సైగ చేసిన. ఒక పిల్ల నన్ను చూసి ముక్కు మూసుకొని చూపించింది.

కాన్వాయ్ మరునాడు పొద్దున బయలుదేరింది. కాన్వాయ్‌లో బండి ఆపొద్దు. ఒకటి ఆగితే వెనుకవన్నీ ఆగుతయి, ఆ బాట ఆగే బాట కాదు. నేను మూడో బండిలో, వెనక, ఫిల్టరు డ్రమ్ముల నడుమ కూర్చున్న. ఊరి నడుమకు రాంగనే బోరింగు కనబడ్డది. కొన్ని డబ్బాలు ఉన్నయి దాని కాడ. అంతకంటే ఎక్కువ మంది బాట పక్కన డబ్బాలు నెత్తిన పెట్టుకొని నిలబడ్డరు, మా బండ్లు దాటితే నది దిక్కు పోవటానికి.

అవ్వ బాట అంచుకు వచ్చింది. ఆమె చేతిలో గ్లాసు ఉన్నది, నిండ నీళ్ళు. ఒక్కొక్క బండిలోకి తొంగి చూస్తున్నది. నన్ను చూసింది. గ్లాసు పైకి ఎత్తి, నెత్తిన డబ్బాలున్న ఆడవాళ్ళ దిక్కు తిరిగి గట్టిగ ఏదో అరిచింది. వాళ్ళందరూ నా దిక్కు చూసిండ్రు. భాష రాకున్నా నాకు సమజయింది. ఇప్పుడు తాగు, అందరి ముందల తాగు.

ముందల క్యాబిన్‌లో డ్రైవరు పక్కన ఉస్తాద్ కూర్చున్నడు. రేకు మీద చేత్తో రెండు దెబ్బలు కొడితే బండి ఆగుతది, అది మా అందరికీ తెలిసిన గుర్తు. నా చెయ్యి రేకు మీదనే ఉండె. ఆర్డరు యాదికొచ్చింది, వెనుక బండ్లు యాదికొచ్చినయి, మొన్నటి కాల్పులు యాదికొచ్చినయి. అన్నీ సరైన కారణాలే. వాటిని ఒకటొకటి సరి చూసుకునేసరికి బండి ఊరు దాటింది. అవ్వ గ్లాసు ఎత్తి పట్టుకొనే ఉన్నది, దుమ్ము కమ్మేదాకా.

తర్వాతి మజిలీలో ఉస్తాద్‌కు చెప్పిన. ఆయన చాలా సేపు మీసం దువ్వుకున్నడు.

“రేకు మీద కొట్టి ఉంటే ఆపేవాడివా ఉస్తాద్?”

“తిట్టేవాణ్ణి” అన్నడు. మీసం మీంచి చెయ్యి తీసి, “ఆపి తిట్టేవాణ్ణి” అన్నడు.

ఇప్పుడు సెలవులో ఇంట్లో ఉన్న. క్యాను నీళ్ళు తాగుతున్న. మా బోరింగుకు ఇంకో మేక వచ్చింది. సారు అప్పుడప్పుడు మెసేజ్ పెడ్తడు. బోరింగు నడుస్తున్నదని, గొలుసుకు అవ్వ గ్రీజు పెడుతున్నదని, కొందరు ఆ నీళ్ళే తాగుతున్నరని రాస్తడు. మిగిలినోళ్ళు నదికే పోతున్నరా అని నేను అడుగుత. ఆయన మంచి మనిషి. దానికి జవాబుగ తన బడి మళ్ళ తెరిచిండ్రని, పిల్లలు వస్తున్నరని రాస్తడు.